నాన్నకి దాహం వేసే సన్నివేశాలు

మా చిన్నప్పుడు... టీవీలో ఎవరైనా ఇద్దరు ప్రేమగా చూసుకోవడం మొదలుపెడితే చాలు, మా నాన్నకి దాహం వేసేది.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్లు తే."

లేచి వంటింట్లోకి వెళ్లేదాన్ని. గ్లాసు కడిగి, కుండలో నీళ్లు ముంచి తెచ్చేసరికి ఆ ఇద్దరూ విడిపోయేవాళ్లు. తెర మీద అత్తగారు, కాఫీలో పంచదార తక్కువైందని కోడల్ని సాధిస్తూ ఉండేది.

అప్పుడు మేం గుడివాడలో ఉండేవాళ్లం. వేసవిలో కాలవలు కట్టేస్తే కుళాయిలో సన్నటి ధార వచ్చేది. నీళ్లు పారబోయొద్దని పొద్దుటి నుంచి మా వెంటపడే మనిషి... సాయంత్రం సీరియల్ వచ్చేసరికి గ్లాసు మీద గ్లాసు తెప్పించుకునేవారు.

నాకేమో ప్రేమకథలంటే ప్రాణం. అద్దె పుస్తకాల షాపు నవలలకి అట్టలు వేసుకుని, కాన్వెంట్లో సిస్టర్ల కంట పడకుండా చదివేదాన్ని. ముందు చివరి పేజీ చూసేదాన్ని. ఇద్దరూ ఒకటయ్యారని తెలిశాక, నింపాదిగా మొదటికి వచ్చేదాన్ని.

టీవీకి చివరి పేజీ ఉండదు కదా... అదే నా బాధ.

ఆదివారం ఒక కామెడీ సీరియల్ వచ్చేది. మేడ మీద అద్దెకున్న కుర్రాడు, ఇంటి ఓనరు కూతురికి మనసులో మాట చెప్పబోతాడు. సరిగ్గా అప్పుడే ఓనరు మెట్ల మీద జారి పడతాడు. ప్రతి వారం అదే. మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు ఒళ్లు మండేది. ఆ మనిషి ఒక్క ఆదివారమైనా కాస్త చూసుకుని దిగకూడదా...

రోజూ వచ్చే సీరియల్ ఇంకా అన్యాయం. ఉమ్మడి కుటుంబం, ఆస్తి గొడవలు, ఆడపడుచు కుట్రలు. వాటన్నిటి మధ్య ఆ ఇంటి చిన్నకొడుకు శ్రీధర్‌కీ, పిల్లలకి ట్యూషన్ చెప్పడానికి వచ్చే వసుధకీ దొరికేది ఒక్క నిమిషం. దాని కోసం మిగతాదంతా భరించేదాన్ని. భరించడం ఏమిటిలెండి... ఆడపడుచు కుట్రలు కూడా బాగానే ఉండేవి.

కానీ ఆ ఒక్క నిమిషంలోనే నాన్నకి దాహం.

ఒకరోజు సీరియల్ చివర, శ్రీధర్ రేపు వసుధని అడిగేస్తాడని చూపించారు. అక్కడ వసుధకి వేరే సంబంధం కుదిరిపోతోంది. రేపు అడగకపోతే ఇంక లేనట్టే. ఈ ఒక్కసారి వంటింట్లో నిలబడి వినకూడదనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మామ్మ ప్రార్థన ముగించేలోపే అన్నీ తెచ్చి హాల్లో పెట్టేశాను. చెంబుతో మంచినీళ్లు, గ్లాసు, మామ్మ మాత్రలు, నాన్న కళ్లజోడు, విసనకర్ర. వాళ్లింట్లో టీవీ ఉన్నా సీరియల్ మాత్రం మా ఇంట్లోనే చూసే పక్కింటి సుగుణత్తయ్య గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంటే, రైలెక్కేదానిలా సర్దావు?"

సీరియల్ మొదలైంది. శ్రీధర్ వచ్చి వసుధ ఎదురుగా నిలబడ్డాడు. నాన్న గొంతు సవరించుకున్నారు. టీవీ మీంచి చూపు తిప్పకుండానే గ్లాసు నింపి అందించాను. తాగారు. వాళ్లింకా విడిపోలేదు.

"వీధి గేటు వేశావా?"

"వేశాను నాన్నా."

"పొయ్యి మీద పాలు..."

"దించేశాను నాన్నా."

"మరి పెరట్లో బట్టలు?"

"మడతలు కూడా పెట్టేసిందండీ," అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

ఇక నన్ను పంపడానికి చోటు మిగల్లేదు. నాన్న కాసేపు నేల వైపు చూశారు. తర్వాత ఖాళీ గ్లాసు పట్టుకుని, తనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

శ్రీధర్ అడిగాడు. వసుధ తల దించుకుంది. వీణ మోగింది. అతని ముఖం, ఆమె ముఖం, మళ్లీ అతని ముఖం, మధ్యలో ఎందుకో గోడ గడియారం... ఒక్క మాట చెప్పడానికి ఇంతసేపా అని నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. చివరికి చెప్పింది.

"మీ అమ్మగారితో మాట్లాడండి."

అంతే. నవలల్లో ఇలాంటి చోట నాలుగు పేజీలు ఉండేవి.

అప్పుడు వంటింట్లోంచి నాన్న గొంతు.

"ఏమందే?"

మామ్మ అటు తిరిగింది. "వచ్చి చూడరాదట్రా? నిన్నెవరు పొమ్మన్నారు?"

"ఒప్పుకుందా లేదా, అది చెప్పండి."

అందరూ నా వైపు చూశారు. ప్రేమ సంగతి మా ఇంట్లో నేను పైకి అనడం అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి.

"ఒప్పుకుంది నాన్నా."

"హమ్మయ్య," అన్నారు. బయటికి వచ్చి, తను తెచ్చిన నీళ్ల గ్లాసు నా ముందు పెట్టారు. "ఇంద, తాగు."

ఇన్నాళ్లూ నన్ను వంటింట్లోకి పంపి, ఆయన కూడా ఏమీ చూడలేదన్నమాట... నేల చూస్తూ వింటూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఆ పెళ్లిని ఎంత సాగదీశారో తలుచుకుంటే ఇప్పటికీ విసుగే. మధ్యలో వసుధగా వేసే అమ్మాయినే మార్చేశారు. "ఈవిడ అయితే ఒప్పుకునేది కాదు," అన్నారు నాన్న ఓ రోజు, నేల చూస్తూనే.

ఇప్పుడు బందరులో, నా గదిలో, ఫోన్లో సీరియళ్లు చూస్తున్నాను. మొదటి పది నిమిషాల్లోనే ప్రేమ అయిపోతుంది. కావాలంటే చివరి భాగం ముందే చూసెయ్యొచ్చు. మంచినీళ్లు తెమ్మనేవాళ్లు లేరు. "ఏమందే?" అని అడిగేవాళ్లూ లేరు.

అయినా ఇద్దరు ఎదురుపడగానే... నాకే దాహం వేస్తోంది. ఆపి, లేచి వెళ్లి తాగి వస్తాను. వచ్చేసరికి వాళ్లు అక్కడే, అలాగే నిలబడి ఉంటారు. అప్పట్లో ఒక్కరోజైనా ఆగారా నా కోసం...

ఇంతకీ, అలాంటి సీను వస్తే మీ ఇంట్లో మిమ్మల్ని ఏం తెమ్మని పంపేవారు?