తూము కాడి పిలుపు

ఇన్నేళ్లుగా నన్నెవరూ పట్టించుకోలేదు. ఒకే ప్రశ్న పెళ్లిళ్లలో అడిగాను, దినాల భోజనాల దగ్గర అడిగాను, అడిగిన ప్రతిసారీ మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు కొడుకు, అంటే నాకు అన్న వరసైనవాడు, చేయి కడుక్కునే వంకతో లేచిపోయాడు. మొన్న మహబూబాబాద్‌లో నా మనవడి కాలేజీ పిల్లలు ఒక పాత విషాద నాటకం ఆడితే ముఖ్య అతిథిగా ఆయన్నే ముందు వరుసలో కూర్చోబెట్టారు. నాకు స్తంభం వెనక కుర్చీ వేశారు, అదీ మరచిపోను.

ఆ నాటకంలో రాజు తమ్ముడు జాగీర్లు ఎరవేసి మంత్రులను కొని, రాజును చంపించి, గద్దె ఎక్కుతాడు. రాకుమారుడు పగ తీర్చుకొని తానూ నేలకూలుతాడు. నర్సింహులపేట దగ్గరి మా ఊళ్లో, నా చిన్నతనంలో, పంటలు ఇళ్లకు చేరాక ఇదే కథను పగటిపూట ఆడేవారు, రాకుమారుడి వేషం మా బాపుది. మాకొక ఆనవాయితీ ఉండేది. ఆటలో చచ్చిన వేషగాడు తనంతట తాను లేవకూడదు. అతని ఇంటి పెద్ద వచ్చి పేరు పెట్టి పిలిచి, చేయి పట్టి లేపాలి. లేకుంటే ఆ చావు ఇంటిదాకా వెంట వస్తుందని భయం.

మా ఇంటి పెద్ద పెద్దబాపు. అధికారుల చేతులు తడిపి చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిని తన పేరున చేయించుకున్నాడని ఊరంతా గుసగుసలాడేది, ఎదుట మాత్రం ఎవరూ నోరెత్తేవారు కాదు. ఒక ఏడు బాపు నోరెత్తాడు. దొంగరాజును నిలదీసే చోట పాట ఆపి, ముందు కూర్చున్న పెద్దబాపువైపు తిరిగి, "జాగీర్లు సాలక చెరువు సుత మింగినవా, దొరా?" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు; చివర బాపు పడిపోగానే కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. బాపు కళ్లు మూసుకొని అలాగే పడి ఉన్నాడు, ఎండ ముఖం మీదికి పాకింది, లేపడానికి ఒక్కరికీ ధైర్యం రాలేదు. ఆఖరికి అమ్మే భుజం పట్టి లేపింది.

ఆ తర్వాత రోజూ బాపు అన్నం ముందు కూర్చుని, పెద్దబాపు వచ్చి పేరు పెట్టి పిలుస్తాడేమోనని వాకిలివైపే చూసేవాడు. వానలు పడి చెరువు నిండిన ఒక ఉదయం మా అన్న వచ్చి బాపుతో, "కాకా, మా బాపు నిన్ను తూము కాడికి రమ్మంటుండు" అన్నాడు. అమ్మ బాపు చేయి పట్టుకొని పోవద్దంది. బాపు ముఖం మాత్రం వెలిగిపోయింది. "పిలిచిండు గదనే, ఇగ ఏం భయం" అంటూ చెప్పులైనా వేసుకోకుండా వెళ్లాడు. మధ్యాహ్నానికి తూము దగ్గర నీళ్లలో శవమై తేలాడు.

ఇంటి పెద్ద లేపలేదు గనుక చావు వెంట వచ్చిందని ఊరు తేల్చేసింది. ఆ నమ్మకం ఎవరికి అక్కరకొచ్చిందో ఎవరూ ఆలోచించలేదు. కత్తి పట్టాలని నాకూ అనిపించేది, కాని పగ తీరాక ఆ కథలో ఎవరూ మిగలరని చూసినవాణ్ణి. అందుకే అడుగుతూ బతికాను. పెద్దబాపు పోయాడు, అక్కడ ఏం జరిగిందో ఎరిగినవాడు అన్న ఒక్కడే.

మొన్నటి నాటకంలో రాకుమారుడు నా మనవడే. పడిన పిల్లలంతా తమంతట తామే లేచి నవ్వుతూ ఫోటోలు దిగారు, ఎవరినీ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఆ పాత భయమేమిటో ఈ తరానికి తెలియదు, అది మంచిదేనేమో. అంతలో మా అన్న నా మనవడి భుజం మీద చేయి వేసి, "అచ్చం మా కాక లెక్కనే పడ్డవ్ బిడ్డా. చెరువు కాడి మా తోటకు ఒకసారి రా" అన్నాడు. వాడు సంబరంగా తల ఊపాడు, బాపు తూము కాడికి వెళ్లినప్పటి ముఖమే.

అన్నా, నా మనవడిని పిలిచే ముందు నాకు జవాబు చెప్పు. ఆ రోజు తూము కాడ మీ బాపు మా బాపును పేరు పెట్టి పిలిచాడా, లేదా?