అక్క సంతకం

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. కట్టుకున్న భార్యకు చెప్పలేదు. చనిపోయిన తండ్రికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖనిలో నన్ను ఎరిగినవాళ్లను అడగండి. ఆరేళ్ల కిందటి ఆ ఏడాది వీడికి బాగా కలిసొచ్చిందంటారు. అబద్ధం కాదు. ఎండాకాలంలో బొగ్గు గనిలో ఉద్యోగం వచ్చింది. దసరా తర్వాత పెళ్లయింది. డిసెంబరులో, చేరిన రోజు నుంచి ఒక్క నాగా కూడా లేదని గని మీటింగులో శాలువా కప్పారు. మైకు చేతికిచ్చి ఈ ఏడాది గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అంతా మా బాపు పుణ్యం అన్నాను. ముందు వరుసలో మా అక్క కూర్చుని ఉంది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. నేను దిగి వచ్చి ఆమె పక్కన కాకుండా వెనక వరుసలో కూర్చున్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

మా బాపు ముప్పై ఏళ్లు భూగర్భంలో పని చేశాడు. ఆ ఏడాది మొదట్లోనే ఆయనకు ఊపిరి ఆడడం కష్టమైంది. దవాఖానలో పరీక్షలు చేసి, ఇక గనిలోకి దిగడానికి పనికిరాడని రాశారు. అలా రాస్తే ఆయన మీద ఆధారపడినవాళ్లలో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను, మా అక్క స్వరూప.

అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. డిగ్రీ మొదటి శ్రేణిలో పాసైంది. నేను ఇంటరు రెండుసార్లు తప్పాను. ఆమెను శ్రీరాంపూర్‌లో ఇచ్చాం. మొగుడు ఇంకొకామెతో వెళ్లిపోతే, విడాకుల కాయితంతో, మూడేళ్ల బిడ్డతో మా ఇంటికొచ్చింది. నేనప్పటికి ఇరవై ఏడేళ్లవాడిని. కిరాయి ఆటో తోలుతున్నాను. ఒక సంబంధం వచ్చి ఆగి ఉంది. ఉద్యోగం వస్తే పిల్లనిస్తామన్నారు.

బాపు మంచం మీద కూర్చుని నాతో అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. "ఆఫీసుల మంచిగ అడుగు బిడ్డా. ఇద్దరిట్ల ఎవలకొచ్చినా నాకు సంతోషమే. స్వరూపకొస్తదేమో గూడ అడుగు."

అడిగాను. అక్కడే నా పాపం మొదలైంది. అడగకుండా ఉంటే తెలియక చేశానని ఇవాళ మీకు చెప్పుకునేవాణ్ని. ఆఫీసులో గుమస్తా కాయితాలు తిరగేసి, ఇప్పుడు ఆడపిల్లలకు కూడా ఇస్తున్నారని చెప్పాడు. విడాకులై తండ్రి దగ్గర ఉంటున్న కూతురైనా సరే, ఇంట్లోవాళ్లంతా ఒప్పుకుని ఎవరి పేరు రాసిస్తే వాళ్లకే అన్నాడు. "మీ అక్క సదువుకున్నది గదా, ఆమె పేరే రాయున్రి, పైన ఆఫీసుల పని దొరుకొచ్చు" అని కూడా అన్నాడు.

ఇంటికి పది నిమిషాల దారి. ఆటోలో గంటసేపు తిరిగాను. ఏం ఆలోచించాను? ఆగి ఉన్న సంబంధం గురించా? ఊళ్లో కొడుకుండగా కూతురికి ఉద్యోగమేమిటని అంటారనా? ఇవన్నీ తర్వాత నేను కట్టుకున్న కారణాలేమో. ఆ గంటలో నాకు తెలిసింది ఒక్కటే. ఇది పోతే నేను ఇలాగే ఉండిపోతాను. భయం వేసింది. ఆ భయానికి అక్క కనిపించలేదు.

బాపుకు, కొడుకులకే ఇస్తరట అని చెప్పాను. ఆయన తల ఊపాడు. మూడు రోజుల తర్వాత, అక్కకు అభ్యంతరం లేదని రాసిన కాయితం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. అక్క వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"తమ్మి, ఆడివిల్లలకు గూడ ఇస్తున్నరని బస్సుల ఎవలో అనుకుంటున్నరు. నిజమేనా?"

"అది పెండ్లి గానోళ్లకే అక్కా. నీకు పెండ్లయింది గదా."

"విడాకులైనయి గదరా."

"అయినా ఇయ్యరట. నేను అడిగే వచ్చిన."

ఆమె నా ముఖం వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే చెప్పేసేవాణ్నా? తెలియదు. ఆమె అడగలేదు. చేతులకంటిన తవుడు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వు అడిగినంక ఇంకేమున్నది. సంతకం ఏడ పెట్టాలె?"

చూపించాను. చదవకుండా పెట్టింది. ఏ పుస్తకమైనా అట్ట మీది అక్షరం నుంచి చివరి దాకా చదివే మనిషి, నేను తెచ్చిన కాయితాన్ని మాత్రం చదవలేదు.

తర్వాత అన్నీ వరసగా జరిగిపోయాయి. ఉద్యోగం, పెళ్లి, శాలువా. కొత్త కోడలు వచ్చిన ఇల్లు ఇరుకైందని అక్క తనంతట తానే బసంత్‌నగర్‌లో ఒక చిన్న బడిలో టీచరుగా చేరి, బిడ్డతో అక్కడే ఒక గది కిరాయికి తీసుకుంది. సామాను నేనే ఆటోలో చేర్చాను. ఒక్క నాగా లేకుండా డ్యూటీకి ఎందుకు వెళ్లేవాణ్నో కూడా చెబుతాను. ఇంట్లో ఉంటే అక్క ఎప్పుడు ఏమడుగుతుందోనని భయం. కింద చీకట్లో, టోపీ దీపం వెలుగులో, నన్నెవరూ ఏమీ అడగరు. శాలువా ఆ పిరికితనానికి కప్పారు.

రెండేళ్లకు బాపు పోయాడు. పోయే ముందు రోజు దవాఖానలో అక్క చెయ్యి పట్టుకున్నాడు. "నీకేం జెయ్యకపోతిని బిడ్డా. నీ పేరు రాసిస్తనంటే ఆఫీసోళ్లు కుదరదన్నరట" అన్నాడు. అక్క ఏడుస్తూ, "నాకేం తక్కువయింది బాపూ, తమ్ముడున్నడు గదా" అంది. నేను మంచానికి అటువైపు నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను కూడా. సెలైన్ అయిపోవచ్చిందని నర్సును పిలిచాను. అంతే. ఆయన అది నిజమనుకునే పోయాడు. నేను చేసిన పనులన్నిటిలో ఉద్యోగం తీసుకోవడం కన్నా ఇది పెద్దదా? ఎన్నిసార్లు తూచుకున్నా తేలడం లేదు.

పోయిన ఏడాది మా గని ఆఫీసులో రజిత అని ఒకామె చేరింది. భర్త వదిలేసిన మనిషి. తండ్రి ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆమెను చూసినప్పుడల్లా అది అక్క కూర్చోవలసిన కుర్చీ అని అనిపిస్తుంది. మొన్న మా రెండో బిడ్డకు ఇరవై ఒకటో రోజు పేరు పెట్టుకున్నాం. నా భార్య ఆఫీసువాళ్లను పిలిచింది. టెంటు కింద బంతిలో రజిత, మా అక్క పక్కపక్కన కూర్చున్నారు. నేను సాంబారు బకెట్ పట్టుకుని ఎదురు బంతిలో వడ్డిస్తున్నాను. రజిత చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అక్క వింటోంది. తినడం ఆపి వింటోంది. ఎవరో 'అన్నా, సాంబారు' అని పిలుస్తున్నా నాకు వినపడలేదు.

చేతులు కడుక్కుని అక్క నా దగ్గరికే వచ్చింది. బిడ్డను ఎత్తుకుంది.

"మంచిగ చదివియ్యి తమ్మి దీన్ని. ఏ కాయిదమైనా చదివి సంతకం పెట్టేటట్టు" అంది. బిడ్డను నాకిచ్చి బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

టీచరు కాబట్టి అన్న మాటా అది? లేక తెలిసిపోయిందా? ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. బిడ్డ పాలు తాగుతోందా, మరదలికి నడుము నొప్పి తగ్గిందా, అంతే అడిగింది. గొంతులో తేడా ఉందేమోనని ప్రతి మాటనూ వెతికాను. లేదు. లేకపోవడమే భయంగా ఉంది. తెలిసి కూడా ఇలా మాట్లాడగలిగితే, ఆమె ముందు నేనెక్కడ నిలబడను? తెలియకపోతే, చెప్పవలసింది ఇంకా నేనే కదా?

ఆమె క్షమిస్తుందని మీరు అనవద్దు. అది మీ చేతిలో లేదు. నేను అడగబోవడమూ లేదు. బసంత్‌నగర్ వెళ్లే బస్సు మా క్వార్టర్ల ముందే ఆగుతుంది. రోజూ ఆగుతుంది. ఎక్కుతానని మీకు మాట ఇస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. ఇవ్వను.

ఒక్క పని చేశాను. ఇన్నేళ్లలో నాలో నేను కూడా సగంలోనే ఆపేసే మాటను ఇవాళ మొత్తం రాశాను. స్వరూపక్కా, ఆ ఉద్యోగం నీకు కూడా వస్తుందని ఆఫీసులో నాతో చెప్పారు. రాదని నీతో చెప్పి నేను తీసుకున్నాను.

రాశాక రెండుసార్లు చదివాను. కొట్టెయ్యలేదు.