తాతయ్య గాజుపలకల్లోని మండపం

పోయినేడాది వానలు వెలిసిన రోజుల్లో అల్వాల్‌లోని మా ఇంటికి ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. పాత గుళ్ల మరమ్మతులు చూసే ఉద్యోగం తనది. వరంగల్ వైపు ఒక ఊళ్లో గుడి మండపం కూలిందట. "ఆంటీ, ఏ స్తంభం ఏడ నిలబెట్టాల్నో సమజైతలేదు. మీ తాతగారు ఆ గుడి ఫొటోలు తీసిన్రని ఊళ్లో ఒక ముసలాయన చెప్పిండు. దక్షిణం దిక్కుది ఏమన్న ఉందా?" అంది. నేను లేచి తాతయ్య పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాను.

తాతయ్య సికింద్రాబాద్‌లో మిషన్ బడి మాస్టారు. సెలవు దొరికితే చాలు, ట్రంకుపెట్టెంత కెమెరా, నల్లగుడ్డ, గాజుపలకలు రైలెక్కించుకుని పాత గుళ్లకు బయల్దేరేవాడు. అప్పట్లో ఫొటో గాజు మీదే పడేది. గర్భగుడిలోకి రానివ్వమని ఆయన ఎన్నడూ అడగలేదు. బయటి స్తంభాలు, చెక్కడాలు చాలు. మండపం చీకట్లో ఒక్క ఫొటోకి అరగంట లెన్సు మూత తీసి ఉంచి, మేకలు కెమెరాకు తగలకుండా గొడుగుతో అదిలిస్తూ నిలబడేవాడట. "మాస్టారూ, చర్చిలో ప్రసంగం జెర లంబా అయితే లేచిపోతరు, గుడి ముందల పూటంత ఎట్ల నిలబడ్తరు?" అని సంఘ పెద్ద ఒకాయన నిలదీస్తే, "ఆ రాళ్లు నన్ను కదలనియ్యవు సార్" అన్నాడట.

ఆయన పోయాక పలకలు అటకెక్కాయి. నా పదో ఏట వడగళ్లవానకు మా కిటికీ అద్దాలు పగిలాయి. పాత పలకల్ని సోడా కలిపిన వేడినీళ్లలో తోమితే బొమ్మ ఊడి మంచి అద్దం మిగులుతుంది. అప్పట్లో అందరూ చేసే పనే. ఇంట్లో అది నాకు అప్పజెప్పారు. గోరుతో గీరితే పాలమీగడలా పొర లేచేది, స్తంభాలు ముడతలు పడి నీళ్లలో తేలేవి. నాకదో ఆట. ఆ మధ్యాహ్నం ఒక పెట్టె ఖాళీ చేశాక మౌలాలి నుంచి మేనత్త వచ్చింది. గంగాళంలోకి చూసి, "నాయిన కష్టమంత నీళ్లపాలు జేస్తివి గదనే!" అని కూలబడింది. మిగిలిన పెట్టె ఎత్తుకుపోయి, రైల్వే క్వార్టర్‌లో తన మంచం కింద ఏళ్లతరబడి దాచింది. చివరికి తెచ్చి నా చేతుల్లోనే పెట్టింది.

అందులో ఆ మండపం తూర్పు వైపు పలక ఉంది, దక్షిణం లేదు. ఎక్కడో పోయిందని చెబితే సరిపోయేది. నోరు రాలేదు. "నేనే కడిగేసిన బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి తూర్పు వైపు పలకను వెలుగుకెత్తి చాలాసేపు చూసింది. "ఆంటీ, గీ అంచుకు చూడుండ్రి" అంది. తూర్పు ఫొటో మూలన దక్షిణపు వరుసలో మూడు స్తంభాలు ఓరగా కనిపిస్తున్నాయి. "గీ మూడు నిలబెడ్తం. కడమవి పక్కకు పెడ్తం. అందాజ మీద పని చెయ్యొద్దు."

ఈమధ్య వెళ్లి చూశాను. మూడూ నిలబడ్డాయి. మిగిలిన ఐదు మాత్రం నంబర్లు వేసుకుని గడ్డిలో పడుకున్నాయి. పక్కన కూర్చుని ఒక్కొక్కదాని చెక్కడాన్నీ చేత్తో తడిమాను. వందల ఏళ్లు తమ చోట కదలక నిలిచిన రాళ్లవి. ఆ చోటేదో ఇక ఎవరికీ తెలియకుండా పోవడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది.