గోడలో లౌడ్‌స్పీకరు

ఈ మధ్య మా రైసుమిల్లుకు వచ్చే ప్రతివాడి భుజానా ఒక ట్రాన్సిస్టరు వేలాడుతోంది. ఇంత చిన్నవి వచ్చాక ఆ పాత పెద్ద స్పీకర్లు ఉంచుకోవడం దండగ కాదా అని నన్ను అడుగుతుంటారు. నేను చదివింది అయిదో తరగతి. మిగతా లెక్కలన్నీ కాటా దగ్గర కూర్చుని సొంతంగా నేర్చుకున్నవి. కనుక నేను దగ్గరగా ఎరిగిన ఒక్క స్పీకరు సంగతే చెప్పగలను.

కోవూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊళ్లో నాకొక స్నేహితుడు ఉండేవాడు. వరి రైతు, నాకంటే పదేళ్లు పెద్ద. యాభైల చివర, ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో, స్వదేశం వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర మద్రాసులో రికార్డు ప్లేయరుతోపాటు ఈ స్పీకరు కొన్నాడు. పన్నెండంగుళాల కాగితపు గరాటు, దాని వెనక ఎత్తితే చెయ్యి లాగేసే అయస్కాంతం. పెట్టె మాత్రం లేదు. ఎంత పెట్టె కావాలో నన్ను లెక్క కట్టమన్నాడు. కట్టి చూస్తే బీరువా కంటే పెద్దదే తేలింది. ఆయన నవ్వాడు.

"ఇంట్లో వడ్లగది అంత పెట్టె ఉండంగా ఇంకోటి దేనికబ్బాయా?"

అన్నట్టే హాలుకూ వడ్లగదికీ మధ్య గోడకు గుండ్రంగా కంత కొట్టించి అందులో బిగించాడు. ముఖం హాల్లోకి, వీపు వడ్లగదిలోకి. ఎలుకలు కొరక్కుండా వెనక ఇనప వల కొట్టాడు.

కోతలయ్యాక గది నిండా బస్తాలున్నప్పుడు, మృదంగం మీద వేలు ఎక్కడ పడిందో కూడా తెలిసేది. బస్తాలు అమ్ముడుపోయేకొద్దీ పాట మసకబారేది. గది పూర్తిగా ఖాళీ అయితే గాయకుడు బావిలో దిగి పాడుతున్నట్టుండేది. గరాటు వెనక నుంచి పోయిన శబ్దం బోడిగోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. వడ్లుంటే దాన్ని తాగేస్తాయి. ఇది మా ఇద్దరికీ తెలుసు. "ఈ అల్లుడికి వడ్లు పెడితేనే గొంతు లేస్తాది" అని ఆయన ఎగతాళి చేసేవాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే నేను సైకిలెక్కి వాళ్లింటికి పోయేవాణ్ణి. ఇద్దరం కుర్చీలు వేసుకుని రికార్డులు వినేవాళ్లం. నాకు ఇంట్లో ఎవరూ లేరు. తూకం, తరుగు, తేమ గురించి కాక వారంలో నేను మాట్లాడిన మాటలేమైనా ఉంటే అవి ఆ హాల్లో మాట్లాడినవే.

ఆయన పోయాక ఆ ఇంటికి వెళ్లడం మానేశాను. పొలం కౌలుకిచ్చారని, వడ్లు ఇప్పుడు కౌలుదారు ఇంటికే పోతున్నాయని మిల్లులో విన్నాను. కొన్ని నెలలకు ఆయన భార్య కబురు పంపింది. ఆమె తమ్ముడు మద్రాసు నుంచి ఒక ట్రాన్సిస్టరు తెచ్చి ఇచ్చాడట. స్పీకరుకు బేరం కూడా కుదిర్చాడట. సోమవారం దాన్ని ఊడదీసి, మేస్త్రీ చేత కంత మూయిస్తాడట. ఈలోగా అది ఉంచుకోదగిందో కాదో చూసి చెప్పమంది.

"ఆయనతోపాటే దీని గొంతు కూడా పోయిందన్నా. మొన్న పెట్టి చూసినా. వినలేక ఆపేసినా" అన్నది.

బ్యాటరీ తీగలు స్పీకరుకు ఒక్క క్షణం ఆనించి చూశాను. గరాటు ఎక్కడా రాసుకోకుండా ముందుకు వచ్చి వెనక్కు పోయింది. అంచు చిరగలేదు. ఉప్పుగాలికి తీగల మొదళ్లలో పట్టిన పచ్చటి చిలుము గీకేశాను. తర్వాత వడ్లగది తలుపు తీశాను. శుభ్రంగా ఊడ్చి ఉంది. ఒక్క బస్తా లేదు.

ఆ కంత మూసేస్తే ఇక ఆ గుమ్మం తొక్కడానికి నాకు కారణం ఉండదు. వస్తూపోతూ ఉండాలన్న ఆశ నా తీర్పులో కలవకూడదని, నోటితో ఏమీ చెప్పకుండా వచ్చేశాను. మర్నాడు మిల్లు నుంచి బండెడు ఊకబస్తాలు తోలుకెళ్లి గదిలో దూలాల దాకా పేర్పించి, ఆమె మొన్న వినలేకపోయిన రికార్డే పెట్టాను. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఒక వైపు పూర్తయ్యేదాకా కదల్లేదు.

"అయితే చెడిపోలా ఇది?"

"లేదమ్మా. వెనక గది ఖాళీ అయింది, అంతే."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్పీకరు అమ్మనని తమ్ముడికి చెబుతానంది. "మీరు ఆదివారం ఎప్పట్లాగే రాండన్నా" అన్నది. ఆయన ఉన్నప్పుడు ఆ హాల్లో నేను ఎంతసేపు కూర్చున్నా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు కూర్చుంటే ఊరు ఊరుకోదు.

ఆదివారం వెళ్లేసరికి అరుగు మీద చాప వేసి ఉంది. ఆమె లోపల రికార్డు పెట్టి, వీధితలుపు బార్లా తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

శబ్దం సెకనుకు సుమారు పదకొండు వందల అడుగులు పోతుంది. సెకనుకు యాభైసార్లు కదిలే మంద్రధ్వనికి అల ఇరవై రెండడుగుల పొడవు. అది మూల తిరిగి గుమ్మం దాటి వస్తుంది. అయిదువేల సార్లు కదిలేదానికి మూడంగుళాలైనా ఉండదు; అది తిన్నగా పోయి ఎదుటి గోడకు తగిలి ఆగిపోతుంది. అందుకే అరుగు మీదికి మృదంగంలో ఎడమచేతి దెబ్బ వస్తుంది, కుడిచేతి వేళ్లు రావు. గొంతు వస్తుంది, మాటలు తెలియవు. హాల్లో దాని ఎదుట కూర్చునే మనిషి ఉంటే ఆ స్పీకరుకు సాటి వచ్చేది ఈ కొత్తవాటిలో నేను వినలేదు. ఆ హాల్లో మనిషి లేడు.

"వినపడతా ఉందా అన్నా? ఇంకొంచెం పెంచమంటారా?" ఆమె లోపలినుంచే అడిగింది.

పెంచితే వచ్చేదే పెద్దగా వస్తుంది గాని రానిది రాదు.

"వద్దమ్మా. వినపడతా ఉంది" అన్నాను.

ఒక వైపు అయిపోయింది. ఆమె హాల్లోకి వచ్చి రికార్డు తిరగేసి పెట్టి మళ్లీ వంటింట్లోకి వెళ్లింది.