గురువారం కారు

నూనెను నాలుక మీద వేసుకుని చూసేవాళ్ళు కొత్తవాళ్ళు. వాసన పట్టి చెప్పేవాళ్ళు కొంచెం ముదిరినవాళ్ళు. ఎమ్మిగనూరు రామకోటయ్యకు ఆ రెండూ అక్కరలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క చుక్క వేసి రుద్ది, ఇది ఏ నేల వేరుశనగో, ఇందులో పత్తిగింజల నూనె ఏ మాత్రం కలిపారో చెప్పేవాడు. ఆదోని మార్కెట్లో పెద్దపెద్ద దళారులే ఆయన వేళ్ళకు భయపడేవారు.

చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. మీసం రాకముందే సైకిలుకు చెరోపక్క నూనె డబ్బా కట్టుకుని పల్లెలు తిరిగాడు. నడివయసుకు సొంత మిల్లు నిలబెట్టాడు. ఎమ్మిగనూరులో కరెంటు గానుగ ముందుగా తిప్పింది ఆయనే. నూనె వర్తకుల సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు. వాసవమ్మ గుడిలో దీపాలకు ఏళ్ళ తరబడి నూనె పోశాడు. కల్తీ కేసు పెడతానని బెదిరించిన ఆఫీసరు చేతనే చివరికి తన కొట్లో నూనె కొనిపించాడు. ఇవన్నీ జరిగినవే, ఒక్కటీ పుట్టించి చెప్పింది కాదు.

అయితే మనిషి చేసిన ఘనకార్యాలకు వినే చెవి ఒకటి కావాలి. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ నలభై ఏళ్ళు "ఊఁ" కొట్టింది. ఆమె పోయింది. ప్యాకెట్ నూనెలు వచ్చి మిల్లూ మూతపడింది. ప్రొద్దుటూరులో ఉన్న కూతురు పొద్దున్నే ఫోను చేస్తుంది కానీ, ఈయన మొదలుపెట్టగానే "అది చెప్పినావు కదా నాయనా" అంటుంది. ఆ తర్వాత మాట్లాడడానికి ఇద్దరికీ ఏమీ తోచదు. కొట్టు అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళు దండం పెట్టి, నడక ఆపకుండానే పోతారు.

అట్లాంటి రోజుల్లో కర్నూలులో ఒక డాక్టరు తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసింది. పదేళ్ళ నాటి టర్బో పెట్రోలు బండి, పొడుగు డిక్కీ, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. కొత్తలో దాని ఖరీదుకు ఎమ్మిగనూరులో ఇల్లు వచ్చేది. ఇప్పుడు మూడు లక్షలు. ఒళ్ళు చూసుకోవడం తెలిసిన డాక్టరు, బండిని చూసుకోకుండా ఉంటాడా అని రామకోటయ్య లెక్క. మిల్లు రోజుల్లో వ్యాను తోలిన చెయ్యి, తోలడానికి జంకలేదు. యాక్సిలేటరు మీద కాలు ఆనిస్తే వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఉరికేది.

కారు వచ్చాక గురువారాలు వచ్చాయి. ఎదురు సందులో నరసింహ, ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ ఉంటారు. నరసింహ మగ్గం నేసి నేసి మోకాళ్ళు పోగొట్టుకున్నవాడు. ఇద్దరికీ రాఘవేంద్రస్వామి మీద గురి. "బస్సుల్లో యాడ పడతారప్పా, నేను దిగబెడతా రాండి" అన్నాడు రామకోటయ్య. అప్పటినుంచి ప్రతి గురువారం ముగ్గురూ మంత్రాలయం పోయి రావడం అలవాటైంది. నరసింహ ముందు సీట్లో, సుబ్బలక్ష్మమ్మ వెనక. అద్దాలు ఎక్కించి ఏసీ వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి మనిషి దిగిపోవడానికీ ఉండదు. పోయేటప్పుడు ఆయన కథ సైకిలు డబ్బాలనుంచి మిల్లు దాకా, వచ్చేటప్పుడు మిల్లునుంచి ఆఫీసరు దాకా. దారి సరిగ్గా సరిపోయేది. వారంలో తక్కిన రోజులన్నీ ఆ ఒక్కరోజు కోసమే ఆయన ఓర్చుకునేవాడు.

ఆయిలు మార్చే వేళకు బండిని కర్నూలులో దస్తగిరి షెడ్డుకు తీసుకుపోయాడు. దస్తగిరి చేతికంటే నోరు ముందు పనిచేసే మెకానిక్కు. పాత ఆయిలు దించి, కొత్త డబ్బా మూత తీశాడు. రామకోటయ్య అలవాటు కొద్దీ ఒక చుక్క వేళ్ళ మధ్య వేసి రుద్దాడు. నీళ్ళ మాదిరి జారిపోయింది. ఇంత పలచటి నూనెకు అంత ఖరీదా అని నిలదీశాడు.

"సేఠ్, ఇది బజ్జీలేసే నూనె కాదు, ఇంజను నూనె. ఈ బండికి ఇదే ఉండాల. నీ ఏళ్ళకేం తెలుస్తాది దీని సంగతి" అన్నాడు దస్తగిరి నవ్వుతూ.

నీ వేళ్ళకేం తెలుసు అన్న మాట రామకోటయ్య జన్మలో పడలేదు. డబ్బులిచ్చి ఊరికి వచ్చాడు. నూనె అంటే చిక్కన. చిక్కనిది అంటుకుంటుంది, అంటుకున్నది కాపాడుతుంది. యాభై ఏళ్ళ వ్యాపారం ఆయనకు నేర్పింది అదే. ట్రాక్టరు సామాన్ల కొట్లో ఒక డబ్బా తీయించి రుద్ది చూశాడు. తేనెలా సాగింది. మర్నాడే దస్తగిరి పోసినదంతా దించేయించి, ఈ చిక్కనిది పోయించాడు. ఇంజను ముందుకంటే మెత్తగా పలికింది కూడా. మోసపోబోయి ఎట్లా తప్పించుకున్నాడో బజారులో నలుగురికీ, ఆ గురువారం కారులో ఇద్దరికీ చెప్పాడు.

కొన్ని వారాలకు పొద్దున బండి తీయగానే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. కొద్దిసేపటికి పోయేది కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత కాలు నొక్కినా ఆ పాత ఊపు రాలేదు. ఒక గురువారం మంత్రాలయం సగం దారిలో, పత్తిచేల మధ్య, వెనకంతా నీలం పొగ కమ్మింది. సుబ్బలక్ష్మమ్మ దగ్గుతూ దిగింది. ఎండ మాడుతోంది, నిలబడడానికి తుమ్మచెట్టు నీడ కూడా లేదు. అంతలో వచ్చిన బస్సును నరసింహ చెయ్యెత్తి ఆపాడు. దర్శనం తప్పిపోతుందనీ, వచ్చేటప్పుడు కలుస్తామనీ చెప్పి ఇద్దరూ ఎక్కారు. రామకోటయ్య బండిని వదలలేక అక్కడే నిలబడ్డాడు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆయన, లారీకి తాడు కట్టించుకుని కర్నూలు దారిలో ఉన్నాడు.

దస్తగిరి టర్బో విప్పి బల్ల మీద పెట్టాడు. పిడికిలంత నత్తగుల్ల లాంటి వస్తువు, లోపల చిన్న చక్రం. దాన్ని వేలితో కదిపితే ఊగిసలాడింది. ఇంజను వదిలే పొగ ఊపుతో అది తిరుగుతుందనీ, దాని ఇరుసు నూనె మీదే తేలుతూ ఉంటుందనీ, పొద్దున చల్లటి ఇంజనులో చిక్కటి నూనె సన్నగొట్టం ఎక్కి వచ్చేలోపల ఇరుసు పొడిగానే తిరిగి అరిగిపోతుందనీ విడమరచి చెప్పాడు. అంతా చెప్పి అడిగాడు.

"ఇది నేను పోసిన ఆయిలేనా సేఠ్? అవునంటే చెప్పు, కొత్త టర్బో నేనే ఏయిస్తా."

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ తూకంలో ఎన్నడూ వేలు పెట్టని మనిషి. "నేను మార్పించినా" అన్నాడు రామకోటయ్య. దస్తగిరి ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు, చాయ్ తెప్పించాడు.

చాయ్ తాగుతూ ఖర్చు చెప్పాడు. కొత్త టర్బో అయితే తొంభై వేలు. చక్రమూ ఇరుసూ ఉన్న లోపలి గుండు మాత్రం మార్చి, పైన పాత డొక్కనే వాడితే కూలితో కలిపి నలభై. నీళ్ళ పంపు కారుతోంది, అదొక తొమ్మిది వేలు. ఇంకా అసలుది చెప్పలేదన్నాడు. మొదటి గేరులో బండి గుంజుతోంది కదా, ఆ గేరుపెట్టె ఇవాళో రేపో పోతుంది, పోయిన రోజు లక్షన్నరకు తక్కువ కాదు. ఈ జాతి బండ్లు కొనేటప్పుడు చవక, తర్వాత ఏనుగును మేపినట్టే. ఉన్నదున్నట్టు అమ్మేస్తే తుక్కువాళ్ళు లక్ష దాకా ఇస్తారు.

"నా మాటిను సేఠ్. దీనికి పెట్టే దుడ్లతో వారం వారం ట్యాక్సీ మాట్లాడుకో. రాజా మాదిరి ఎనక కూచోని పో."

"ట్యాక్సీలో నేను గూడా ఎక్కినోన్నే అవుతా గదప్పా" అన్నాడు రామకోటయ్య.

దస్తగిరికి అది అర్థం కాలేదు. బండి తనదైతేనే "రాండి" అని పిలవచ్చు. పిలవడానికి ఏమీ లేనివాడి దగ్గరికి ఎవరు వస్తారు? రామకోటయ్య బేరం ఆడకుండా, టర్బోకూ పంపుకూ ఒప్పుకుని బస్సులో ఊరు చేరాడు.

గుండు ఎక్కడో దూరంనుంచి రావాలట, అది రావడానికి మూడు గురువారాలు పట్టింది. మొదటి గురువారం నరసింహ వచ్చి, బస్సులో పోదాం రమ్మన్నాడు. కారు వచ్చినాక వస్తాలే అన్నాడు రామకోటయ్య. అరుగు మీద కూర్చుని, వాళ్ళు సంచులు పట్టుకుని సందు మలుపు తిరగడం చూశాడు. తర్వాతి వారం నరసింహ రాలేదు. ఆ తర్వాత సుబ్బలక్ష్మమ్మ నవ్వు మలుపు అవతలనుంచి వినబడింది, ఎవరో ఆడవాళ్ళతో కలిసి పోతోంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటినుంచి గురువారం బస్సు పెళ్ళివారి బండిలా ఉంటోందని పాలవాడు చెప్పాడు.

కారు రాగానే తుడిపించి, సీట్ల మీద కొత్త తువ్వాళ్ళు పరిచి, గురువారం పొద్దున్నే ఎదురు సందులోకి తిప్పాడు. తలుపుకు తాళం ఉంది. ముందు బస్సుకే పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. రామకోటయ్య ఒక్కడే మంత్రాలయం పోయాడు. బండి బాణంలా పోయింది. దారి ఎన్నడూ లేనంత పొడుగ్గా ఉంది.

దర్శనం చేసుకుని, భోజనాల పంక్తిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య తిని, తుంగభద్ర మెట్ల మీదికి వచ్చాడు. అక్కడ సుబ్బలక్ష్మమ్మ అయిదారుగురు ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. నరసింహ పై మెట్టు మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. రామకోటయ్యను చూసి ఇద్దరూ సంతోషంగానే లేచారు. కారు బాగైందని చెప్పాడు, పోయేటప్పుడు తనతో రమ్మన్నాడు. సుబ్బలక్ష్మమ్మ వీళ్ళతో కలిసి వచ్చాను కాబట్టి వీళ్ళతోనే పోతానంది. బస్సులో ఇరుకు, ఎండ అన్నాడు ఆయన. కారులో చల్లగా ఉంటుందన్నాడు. నలభై తొమ్మిది వేలు పెట్టి చేయించానన్నాడు. ఇక ఏం చెప్పాలో తెలియక, ఎవరినీ ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"ఒగన్నే రాలేకుండాను సెల్లెమ్మా. తోడు రాండి."

ఆమె కొంగు సర్దుకుని, పక్కవాళ్ళకు వినబడకుండా రెండడుగులు ఇవతలికి వచ్చింది.

"తప్పుగా అనుకోవాకన్నా. నీ కార్లో శానా సుఖంగా ఉంటాది. కానీ మా మాట పెగలేదానికి సందుండదు. నువ్వు మిల్లు పెట్టిందీ, ఆఫీసరు కొన్నిందీ మాకు పాఠమైపోయింది. మా ఇంటాయన గూడా నలభైయేండ్లు మగ్గం నేసినాడు. ఒగనాడన్నా అడిగినావా?"

రామకోటయ్య నదివైపు చూశాడు. వేసవిలో నీళ్ళు బండల మధ్య పాయలుగా మిగిలాయి. బస్సు వేళైందని అందరూ లేచారు. ఆయన కూడా, ఎక్కడికి పోవాలో తోచక, వాళ్ళ వెనకే బస్టాండు దాకా నడిచాడు. బస్సు నిండిపోయి, మెట్ల మీద కూడా జనం వేలాడుతున్నారు. సుబ్బలక్ష్మమ్మ ఒక కాలు ఎక్కించి, వెనక్కి తిరిగి మొగుడి మోకాళ్ళను చూసింది.

"నువ్వు నిలబళ్ళేవు. అన్నతో పో" అని, లోపలికి దూరిపోయింది.

నరసింహ ముందు సీట్లో కూర్చున్నాడు. రామకోటయ్య నోట్లో మూడు వారాల మాటలు ఉన్నాయి. టర్బో సంగతి, దస్తగిరి చాయ్, లారీకి తాడు కట్టించిన తీరు. మంత్రాలయం దాటేదాకా పంటి బిగువున ఆపుకున్నాడు.

"నరసింహా, నువ్వు నేసిందాంట్లో నీకు మనసుకు నచ్చింది ఏందప్పా?"

నరసింహ ఆయనవైపు ఒకసారి చూసి, అద్దంలోంచి బయటికి చూశాడు. మోకాళ్ళు నిమురుకున్నాడు. అడగడం తెలియక తప్పుగా అడిగానేమో అనుకున్నాడు రామకోటయ్య.

"ఒగ దుప్పటుండాది లే" అన్నాడు చివరికి. "చేనేత సంఘానికి నేసేటప్పుడు మిగిలిన నూలు దాచిపెట్టి మాయమ్మకు నేసినా. అంచుకు ఎర్రరంగు దొరకల్యా. ఎర్రది లేకున్నా ఏమిరా, యెచ్చగా ఉండాది అనేది. పోయినాక ఆయమ్మ మింద దాన్నే కప్పినాం."

రామకోటయ్యకు తన తల్లి గుర్తొచ్చింది. ఆమె చనిపోయినప్పుడు ఊరంతా కదిలి వచ్చిన సంగతి, తను చేసిన అన్నదానం నాలుక చివరికి వచ్చాయి. మింగేశాడు. ఇంకేదైనా అడుగుదామని తల తిప్పేసరికి నరసింహ తల వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు.

ఆయన ఏసీ కొంచెం తగ్గించాడు. గుంతలు తప్పిస్తూ మెల్లగా తోలాడు. వెనకనుంచి హారను మోగించుకుంటూ బస్సు వచ్చింది. కిటికీల నిండా ఆడవాళ్ళు, ఏదో పాట పాడుతున్నట్టున్నారు, ఎవరూ కిందికి చూడలేదు. కాలు ఆనిస్తే చాలు, ఆ బండికి బస్సును దాటడం ఒక లెక్క కాదు. ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. దుమ్ము సద్దుమణిగేదాకా ఆగి, మళ్ళీ అదే నడకతో కదిలాడు.