ఫ్రిజ్‌కు జాగా

మా ఊరి గడిలో మూడు గదుల ముక్క మేం కొన్నామని తెలిసినప్పుడు మోత్కూరు అంగట్లో నన్ను ఆపి మరీ పరామర్శించారు జనం. "గా పాత గోడలేం జేస్కుంటరు టీచరమ్మా?" అని. గడి అంటే వెనకటి దొర ఇల్లు. దొర పోయి చాలా ఏళ్లయింది. వారసులు పట్నంలో ఉంటూ ఇంటిని ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటూ వచ్చారు. దొర పంచాయితీలు చేసిన ముందరి కచేరి గది, దాని వెనక రెండు అర్రలు మాకు దక్కాయి. దొర పడక కుర్చీ కూడా వాటితోనే వచ్చింది. అది లారీ ఎక్కనని మొండికేసిందట, వదిలేసి పోయారు.

నిజం చెప్పాలంటే నేను ఇల్లు కొన్నదే ఆ కుర్చీ కోసం. మా అమ్మ చిన్నప్పటి నుంచి ఆ గడిలో ఊడ్చింది, విసిరింది, దంచింది. అన్నేళ్లలో ఒక్కసారైనా అక్కడ పీట మీద కూడా కూర్చోలేదు. గృహప్రవేశం నాడు ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి, ఫొటో తీసి స్టేటస్ పెట్టాలి, ఆ తర్వాత ఆమె కాలనీలోని ఇల్లు వదిలి మాతోనే ఉండాలి. ఇదీ నా పథకం. అమ్మను అడిగానా అంటే, లేదు. చదువుకున్నవాళ్లం కదా, పెద్దవాళ్లకు ఏం కావాలో వాళ్లకంటే మాకే బాగా తెలుసు.

మా ఆయన కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. ఇల్లు కొన్నాక ఆఫీసులో ఏం చేశాడో తెలియదు గానీ, ఫోన్లో మాత్రం పాత ఇళ్ల వీడియోలు తెగ చూశాడు. పాతను చెడగొట్టకుండా కొత్తను కలపాలంటాడు. ఉన్న చెక్కనంతా పాలిష్ పట్టించాడు. ముందు దర్వాజ చెక్కడాల్లో పేరుకున్న మట్టిని పళ్లు తోముకునే బ్రష్షుతో తనే స్వయంగా తీశాడు. సొంత పళ్లను అంత శ్రద్ధగా తోమడం నేనెప్పుడూ చూడలేదు. వడ్రంగి ఆయన మోజు కనిపెట్టి, "గిది అమ్రాబాద్ అడివి టేకు సార్, గీ గీతలు పులి గీకినయే" అన్నాడు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్లకూ పులి గీతలు చూపించడమే. అవి ఎవరో మేకుతో గీసిన గీతలని మా ఇంట్లో పాలుపోసేవాడికి కూడా తెలుసు.

కలపడం మొదలయ్యాక ఆగలేదు. దీపం గూట్లో వైఫై డబ్బా పెట్టాం. డంగుసున్నం గోడకు టీవీ బిగించబోతే మేకు దిగిన చోటల్లా పిడికెడు సున్నం రాలింది, అంత పాత గోడ కొత్త టీవీని మోయనంది. చివరికి దాన్ని పాత చెక్క సందూకు మీద నిలబెట్టాం. కొత్త సోఫా ప్లాస్టిక్ కవర్ తియ్యనివ్వలేదు మా ఆయన. దాని మీద ఎవరు కూర్చున్నా అప్పడం విరిగినట్టు చప్పుడయ్యేది. పెరట్లో దొరికిన విసుర్రాయి మీద గుండ్రటి అద్దం పరిచి టీపాయ్ అన్నాడు. బాగుందనే అన్నాను. ఆ రాయి ఎవరి చేతులతో తిరిగిందో నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మిగిలింది రెండు తలుపుల ఫ్రిజ్. వెనక అర్రను వంటిల్లు చేశాం. ఒక గోడకు కిటికీ, ఒక గోడకు గ్రానైట్ బండ, ఒక గోడకు కచేరిలోకి దారి. నాలుగో గోడకు పెరట్లోకి తెరుచుకునే చిన్న దర్వాజ. ఛాతీ ఎత్తు కూడా లేదది. మా ఆయన రెండుసార్లు నుదురు బొప్పి కట్టించుకున్నాడు. దాన్ని ఇటుకలతో పూడ్చేస్తే ఫ్రిజ్‌కు జాగా అవుతుందన్నాడు మేస్త్రి. పూడ్చెయ్యమన్నాను. ఆ మాట అన్నది నేనే, ఎవరి మీదికీ తొయ్యను.

గృహప్రవేశం నాడు ముందు దర్వాజకు మామిడాకులు కట్టాం. కుర్చీ మీద కొత్త దుప్పటి పరిచాం. పాలు పొంగించాల్సింది అమ్మ. పొయ్యి మీద గిన్నె పెట్టి, మంట చిన్నది చేసి కూర్చున్నాం. అమ్మ ఇంటి నుంచి బయలుదేరిందని కబురొచ్చింది గానీ అమ్మ రాలేదు. వచ్చినవాళ్లు సోఫా మీద అప్పడాలు విరుస్తూ నా మొహం చూస్తున్నారు. కావాలనే చేస్తోంది అనుకున్నాను. నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. చెప్పులేసుకుని వెతకడానికి బయలుదేరాను.

ఎక్కడికో పోలేదు. గడి చుట్టూ తిరిగి పెరటి వైపు వెళ్తే, నేను కొన్న నారింజ రంగు చీర కట్టుకుని గోడ పక్కన బండ మీద ఎండలో కూర్చుని ఉంది. కొత్త సిమెంటును వేలితో నొక్కి చూస్తోంది.

"గీడ కూసున్నవేందమ్మా? అందరు నీ కోసమే చూస్తున్నరు."

"దర్వాజ ఏడ వోయింది బిడ్డా?"

"మూసినం. ముందట నుంచి రా."

"ముందటిది దొర దర్వాజ."

"దొర లేడు గదమ్మా. ఇప్పుడది మనదే."

"రెండూ మనయే అయితే, గిదే ఎందుకు మూసినవ్?"

"ఫ్రిజ్‌కు జాగా లేక."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎంత చవకగా ఉందో నాకే తెలిసింది. అమ్మ మాత్రం గొంతు పెంచలేదు.

"దొర కుర్చీకి పాలిష్ వట్టిచ్చినవ్. దొర దర్వాజకు పాలిష్ వట్టిచ్చినవ్. మేం నడిచిందొక్కటే నీకు పనికి రాకుండ వోయిందా?"

భయంతోనో, పాత అలవాటుతోనో వెనక వైపుకు వచ్చిందనుకున్నాను ఆ క్షణం దాకా. జాలిపడటానికి కూడా సిద్ధంగానే ఉన్నాను. కానీ అమ్మ ఆ గోడను చూస్తూ నవ్వింది. పొద్దున్నే ఆడవాళ్లంతా నెత్తిమీది గంపలు దించి, ఒకరి వెనక ఒకరు ఒంగి, గంపలు లోపలికి తోసి ఆ దర్వాజలోంచే పోయేవాళ్లట. పనయ్యాక బయటికి రాగానే ఒకామె కొంగు భుజాన వేసుకుని, పొట్ట ముందుకు తోసి, దొర నడక నడిచి చూపించేదట.

"దొరను జూసి మేం నవ్వింది గీన్నే. ఊర్ల ఇంకెక్కడ నవ్వే జాగా లేకుండె. నువ్వు కడుపుల ఉన్నప్పుడు గిట్లనే ఒంగి పొయ్యేదాన్ని, నవ్వుకుంట బయటికొచ్చేదాన్ని."

నాకు సిగ్గేసింది. దొర మీద పగ తీర్చుకుంటున్నాననుకుంటూ, దొరవన్నీ తళతళలాడించి, మా అమ్మదొక్కటి ఇటుకలతో కప్పేశాను.

లోపలికి పోయి మా ఆయనతో ఫ్రిజ్ జరపమన్నాను. మేస్త్రి భోజనానికి తెల్ల చొక్కా వేసుకొచ్చి, అప్పుడే లడ్డు కొరుకుతున్నాడు. "నిన్నగాక మొన్న కట్టిన టీచరమ్మా" అన్నాడు, బిడ్డను పారేయమన్నట్టు మొహం పెట్టి. లడ్డు అయ్యాక కూలగొట్టమన్నాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, తొందరగానే లొంగింది. ఈ గోలలో పొయ్యి సంగతి అందరం మరిచిపోయాం. పాలు వాటంతటవే పొంగి, గ్రానైట్ మీదుగా కారి, అడుగంటి మాడిపోయాయి. శుభమేనన్నారెవరో.

ఫ్రిజ్‌ను తోసుకుంటూ పోతే కచేరి గదిలో, దొర కుర్చీ పక్కన తప్ప ఎక్కడా పట్టలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. పాతా కొత్తా ఎంత బాగా కలిపారోనని చూసిపోయినవాళ్లు మెచ్చుకుంటారు, మా ఆయన అదంతా తన ఆలోచనే అన్నట్టు తలాడిస్తాడు.

అమ్మ ఒంగి లోపలికి వచ్చింది. కొత్త చీరంతా ఇటుక పొడి. విసుర్రాయి మీది అద్దాన్ని చూసి, "గీ రాయి మీద ఛాయ్ తాగుతరా? సుఖపడ్డది రాయి" అంది. అందరూ బలవంతపెడితే కుర్చీలో కూర్చుంది. నేను ఫోన్ తీశాను. రెండు క్షణాలు అటూ ఇటూ కదిలి, నేను నొక్కేలోపే లేచింది.

"నడుం వట్టేస్తాంది. గందుకేనేమో దొర ఎప్పుడు జూసినా మొఖం మాడ్సుకొనే ఉంటుండె."

ఫొటోలో అమ్మ లేదు, ఖాళీ కుర్చీ, ఫ్రిజ్ తలుపు పడ్డాయి. మాతో ఉంటావా అని అప్పుడు అడిగాను. ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అమ్మ వెనక అర్రలోకి పోయి, తెరిచిన దర్వాజ దగ్గర నిలబడింది.

"ఉంట. గని గిది జర ఎత్తు చెయ్యిండ్రి. ఒంగింది సాలు."

మేస్త్రి జేబులోంచి టేపు తీసి అమ్మ నెత్తి దాకా కొలవబోయాడు. అమ్మ అతని చెయ్యి ఆపి, ఇంకా పైకి చూపించింది.

"నన్ను గాదు. నెత్తి మీద గంప ఉన్నదనుకొని కొలువు."