ఎల్లవ్వ పాలు పోసిన పుట్ట

1945 వానాకాలం. దేవరకొండ అవతల ఒక తోట ఇంట్లో బీరువా వెనక చెయ్యి పెట్టిన ఆ క్షణం, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్న నాకు ఇంకా వేలి కొసన ఉంది. గోడ మీది మట్టి గీత తగిలి విరిగింది. లోపల తడి. పొడిగా ఉంటే చెదలు వెళ్లిపోయినట్టు, తడిగా ఉంటే ఇంకా తింటున్నట్టు.

ఆ ఇల్లు పేరున్న ఒక నవలాకారునిది. కాలేజీలో ఆయన నవలలు దిండు కింద పెట్టుకుని చదివినదాన్ని. ఆయన పోయాక అభిమానులు ఇంటిని మ్యూజియంగా ఉంచారు. హైదరాబాదులో లైబ్రరీలో పనిచేసే నన్ను కేటలాగు, అంటే ఏది ఎక్కడ ఉందో చెప్పే పట్టిక, రాయమని పిలిచారు. పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లాను. తోట అంత అందంగా ఉండగా ఆయన బల్ల వంటింటి కిటికీకి ఎదురుగా ఉండటం వింతగా తోచింది.

బీరువా పక్కన మోకాలెత్తు పుట్ట. దానికి పసుపు, కుంకుమ. ముందు పాము గుర్తొచ్చి పిల్లల్ని అరుగు మీదికి పంపేశాను. ఆ తర్వాతే బీరువాలోని రాతప్రతి గుర్తొచ్చింది. అచ్చుకాని ఆఖరి నవల. వేరే నకలు లేదు.

ఆయనకు ఇరవై ఏళ్లు వండిపెట్టి, ఇప్పుడు ఇంటిని కనిపెట్టుకుని ఉన్న ఎల్లవ్వ గడపలో నిలబడింది.

"దాన్ని ముట్టకు బిడ్డా. పంతులు పోయినంక లేసింది. మంగళారం మంగళారం పాలు పోస్తున్న."

"పాలు పోస్తే తడి ఆరదు గద అవ్వా. చెదలకు తడే కావాలె."

"పట్నంల సదివినోళ్లకు పుట్టంటే చెదలే. మాకు నాగమ్మ."

"పుట్ట జోలికి పోను. బీరువా తలుపొక్కటి తియ్యి."

కొంగు ముడిలోంచి తాళంచెవి తీసింది. పై రెండు కట్టలు బాగున్నాయి. కింది కట్ట ఎత్తబోతే చేతిలోనే మట్టై రాలింది. ఎల్లవ్వ నేల మీద కూలబడింది.

"నేనే తినిపిచ్చిన" అంది.

తర్వాత లేచి తనే గడ్డపార తెచ్చింది. పుట్టకు దండం పెట్టి, "తల్లీ, బయట మంచి జాగ చూపిస్త. ఈడ పంతులు పని ఉన్నది" అని తవ్వింది. పాము లేదు.

మిగిలిన కట్టలు వరండాలో ఆరబెడుతూ ఒక పుట పైకి చదివాను. సంతలో ఒక ముసలమ్మ బేరమాడుతోంది. నేను ఊపిరి తీసుకునేలోపు తర్వాతి మాట ఎల్లవ్వ అనేసింది. కాగితంలో మొదట రాసింది కొట్టేసి, పైన సరిగ్గా అదే మాట ఉంది.

"నీకెట్ల తెలుసవ్వా?"

"దినాం రాసింది కిటికీలకెల్లి సదివి ఇనిపిచ్చెటోడు. 'గిట్ల అంటరా ఎల్లవ్వా?' అనెటోడు. అనరంటే కొట్టేసెటోడు. జర గూడ కోపం రాకపోయేది."

అంత పెద్ద రచయిత తన వాక్యాన్ని ఒక వంటమనిషి తీర్పుకు పెట్టాడు. నవలలు చదివినప్పటికంటే ఆ రోజు ఆయన మీద గౌరవం పెరిగింది.

"కింది కట్టల ఉన్నది గూడ ఇన్నవా?"

"ఇన్న. అంత యాదికున్నదో లేదో. ముసలిదాన్నైతి."

కేటలాగులో కండిషన్ అనే గడి ఉంటుంది. వస్తువు బాగుందో చెడిందో అక్కడ రాస్తాం. కింది కట్టకు ఎదురుగా 'నష్టం' అని రాయబోయి కలం ఆపేశాను. అప్పటినుంచి ఎక్కడికి పిలిచినా ముందు ఆ ఇంట్లో వండినవాళ్లతో, ఊడ్చినవాళ్లతో మాట్లాడతాను. బీరువా తర్వాతే తెరుస్తాను.

మర్నాడు పొద్దున పిల్లలు ఆకలంటూ ఎల్లవ్వ చుట్టూ చేరారు. నేను తెల్లకాగితాలు పట్టుకొచ్చి ఆమె పక్కన చాప వేసుకుని పిల్లలకు చెప్పాను.

"నిన్నటి రొట్టెలున్నయి, తినున్రి. అవ్వను వంటింట్లకు పిలువకున్రి. ఇయ్యాల ఆమె చెప్తది, నేను రాస్త."